ఉక్కు ప్లాంటు బురద నుంచి ఇనుము, కార్బన్, సున్నం రాబట్టడం: చెరువు గట్టు నుంచి సింటర్ ప్లాంటు దాకా

పెద్ద ఉక్కు ప్లాంటులో పని చేసినవాళ్లందరికీ ఆ బురద చెరువు తెలిసే ఉంటుంది. మధ్యలో నల్లటి బురద, అంచుల్లో ఎండి ఇటుక రంగుకి తిరిగిన మట్టి, ఎండాకాలంలో పైన చెయ్యి పట్టేంత పగుళ్లు. ఏళ్ల తరబడి పైపుల్లో కొట్టుకొచ్చి చేరిన సరుకు అది. సరుకు అనే మాట తెలిసే వాడుతున్నాను. కన్వర్టర్ (ద్రవ ఇనుముని ఉక్కుగా మార్చే పాత్ర) నుంచి వచ్చిన బురదని ఆరబెట్టి పరీక్షిస్తే ఇనుము 50 నుంచి 65 శాతం ఉంటుంది. 60 శాతం అనుకుంటే టన్ను ఎండు బురదలో 600 కిలోల ఇనుము. అంత ఇనుము కోసం 62 శాతం ఖనిజం కొనాలంటే దాదాపు 970 కిలోలు కావాలి. పైగా అందులో సున్నం కూడా 10 నుంచి 20 శాతం దాకా వస్తుంది. ఇవన్నీ తిరిగి వాడుకునే చోటు ముఖ్యంగా సింటర్ ప్లాంటు, అంటే సన్న ఖనిజాన్ని కోక్ (బట్టీలో కాల్చిన బొగ్గు) పొడి, సున్నంతో కాల్చి బ్లాస్ట్ ఫర్నేస్ కోసం ముద్దలుగా కట్టే చోటు.

ఇంత విలువ ఉన్నది చెరువులో ఎందుకు పడి ఉందంటే అడ్డుపడేవి రెండు: నీరు, జింక్. ఈ రెండూ లొంగేవే. లొంగని మూడో సమస్యని మాత్రం మనమే తెచ్చిపెట్టుకుంటాం. ఎక్కడెక్కడి బురదనీ తెచ్చి ఒకే గుంతలో కలిపేస్తాం. నేను చూసిన ప్రతి ప్రాజెక్టులోనూ డబ్బు, టైమ్ వృథా అయింది ఆ కలిపిన దగ్గరే. అందుకే ఈ గైడ్‌లో యంత్రాల కంటే ముందు ఆ సంగతే వస్తుంది.

ఏ బురద ఎక్కడిది

ఖనిజం నుంచి ద్రవ ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే గ్యాస్‌లో దుమ్ము ఉంటుంది. ముతక దుమ్ము డస్ట్ క్యాచర్‌లో పొడిగా పడిపోతుంది. సన్నది ముందుకెళ్లి వెంచురి స్క్రబ్బర్‌లో నీళ్లకు చిక్కి బురద అవుతుంది. దీన్ని ప్లాంట్లలో జీసీపీ (గ్యాస్ క్లీనింగ్ ప్లాంటు) స్లడ్జ్ అంటారు. విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లు, అమ్మవారి పేరు పెట్టుకున్న ఫర్నేసులైనా, ఇంకెక్కడి ఫర్నేసైనా ఈ బురద స్వభావం ఒకటే. ఇనుము 25 నుంచి 40 శాతం, కోక్ పొడి రూపంలో కార్బన్ 20 నుంచి 35 శాతం, జింక్ సాధారణంగా 1 నుంచి 3 శాతం. సీసం, పొటాషియం, సోడియం కొంచెం కొంచెం.

ఎల్‌డీ కన్వర్టర్‌ది ఇంకో కథ. ఆస్ట్రియాలోని లింజ్, డొనావిట్జ్ ఊళ్లలో 1950ల మొదట్లో పుట్టిన ఈ పద్ధతిలో ద్రవ ఇనుము మీదకి ఆక్సిజన్‌ని అతివేగంగా ఊదుతారు. ఆక్సిజన్ తాకే చోట వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. ఇనుము ఆవిరై, ఆ ఆవిరి మళ్లీ అతి సన్నని పొడిగా మారుతుంది. టన్ను ఉక్కుకి 15 కిలోల అటూఇటూ ఎండు పొడి వస్తుందని వేసుకోవచ్చు. అంటే ఏడాదికి 30 లక్షల టన్నుల ఉక్కు తీసే ప్లాంటులో సుమారు 45,000 టన్నులు. పైన గ్యాస్‌ని కాలనివ్వకుండా పట్టుకునే ప్లాంట్లలో ఈ పొడి ఫెర్రస్ ఆక్సైడ్, లోహ ఇనుము రూపంలో ఉంటుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. జింక్ ఎంతన్నది మీరు కన్వర్టర్‌లో వేసే తుక్కుని (స్క్రాప్‌ని) బట్టి ఉంటుంది. జింక్ పూత రేకులు ఎక్కువ వేస్తే పెరుగుతుంది, ప్లాంటు సొంత తుక్కే వేస్తే చాలా తక్కువ.

మూడోది రోలింగ్ మిల్లు బురద. ఇందులో ఇనుము 70 శాతం దాకా ఉంటుంది, కానీ గ్రీజు, నూనె పట్టి ఉంటుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో బొగ్గుతో పాటు జింక్, ఒకదాంట్లో సున్నం, ఒకదాంట్లో నూనె. మూడూ కలిస్తే జింక్, నూనె రెండూ పట్టిన పెద్ద గుట్ట మిగులుతుంది. దాన్ని మళ్లీ విడదీసే చవకైన యంత్రం ఎక్కడా లేదు.

మొదటి పని: పైపు దగ్గరే వేరు చెయ్యడం

ఏ మిషన్‌కీ కొటేషన్ అడగకముందే డ్రాయింగ్ తీసి, ఒక్కో థిక్‌నర్ (బురదని అడుగుకి దింపి నీటిని తేర్చే పెద్ద తొట్టి) కింది పంపు ఎక్కడికి కొడుతుందో నడుస్తూ చూసుకోండి. డ్రాయింగ్‌లో లేని వాల్వులు, ఎప్పుడో షట్‌డౌన్‌లో తాత్కాలికంగా వేసి మర్చిపోయిన కలుపు లైన్లు కనిపిస్తాయి. వాటిని బ్లాంక్ చెయ్యండి, అంటే పలక బిగించి మూసెయ్యండి. ఒక్కో బురదకి ఒక్కో గుంత, గుంత మీద పెద్ద అక్షరాల బోర్డు, డంపర్ డ్రైవర్లకి తెలుగులో, హిందీలో రాసిన సూచన. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, రాత్రి షిఫ్టులో కన్వర్టర్ బురద డంపర్ ఒక్కటి దగ్గరగా ఉందని జీసీపీ గుంతలో ఒంపేసి పోతే వారం రోజుల శాంపిళ్లు పనికిరాకుండా పోతాయి. నా విషయంలో సరిగ్గా అదే జరిగింది. ఆ వారం అంతా జింక్ ఎందుకు తగ్గిందో అని తలలు పట్టుకున్నాం.

దిగేముందు భద్రత

ఈ భాగం దాటేసి కిందికి పోకండి. బురద చూడటానికి చల్లగా, నిశ్చలంగా ఉంటుంది. అందుకే మనుషులు అజాగ్రత్త పడతారు.

గ్యాస్ శుభ్రం చేసే చోట కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు, వాసన ఉండవు. సీల్ పాట్లు (గ్యాస్ బయటికి రాకుండా నీటితో అడ్డుకునే పాత్రలు), థిక్‌నర్‌కి వచ్చే కాలువలు, మూతపెట్టిన సంపుల (నీరు చేరే గుంతల) దగ్గరికి మీటర్ లేకుండా వెళ్లొద్దు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెట్టిన ఎనిమిది గంటల సగటు పరిమితి 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50). మీటర్ అలారం ఆ అంకె దగ్గరే పెట్టుకోండి. సంపులోకి ఒంటరిగా ఎవరూ దిగకూడదు.

బ్లాస్ట్ ఫర్నేస్ బురద నీళ్లలో సయనైడ్ ఉంటుంది. నీరు క్షారంగా ఉన్నంత సేపు అది నీటిలోనే ఉంటుంది. పీహెచ్ 9 కంటే దిగిపోతున్నకొద్దీ హైడ్రోజన్ సయనైడ్ గ్యాస్‌గా బయటికి రావడం పెరుగుతుంది. జింక్‌ని ఆసిడ్‌తో కరిగించి తీద్దామనే ఆలోచన కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపిస్తుంది. సయనైడ్ పరీక్ష చెయ్యకుండా, ఫ్యూమ్ హుడ్ లేకుండా ఆ బురదలో ఆసిడ్ చుక్క కూడా వెయ్యకండి.

కన్వర్టర్ బురద ఎండుతూ ఉండగా తనంతట తానే వేడెక్కుతుంది. అందులోని లోహ ఇనుము, ఫెర్రస్ ఆక్సైడ్ గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని ఇంకా ఆక్సీకరణ చెందుతాయి, వేడి వదులుతాయి. ఎత్తుగా గుట్ట పోస్తే ఆ వేడి లోపలే చిక్కుకుంటుంది. తెల్లారేసరికి గుట్టలోంచి ఆవిరి, కొన్నిసార్లు ఎర్రటి కణకణలు. ఆరబెట్టే బురదని పలచగా పరచాలి, గుట్ట పోస్తే థర్మోకపుల్ (వేడి కొలిచే కడ్డీ) గుచ్చి చూస్తుండాలి.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రమాదం. తడి బురద గానీ, తడి బ్రికెట్ (పొడిని నొక్కి చేసిన ఇటుక లాంటి ముద్ద) గానీ ద్రవ ఇనుములో పడితే నీరు క్షణంలో ఆవిరై పేలుతుంది. దీని గురించి బ్రికెట్ల దగ్గర మళ్లీ చెబుతాను.

శాంపిల్ తీసే పద్ధతి

చెరువు అంచున గరిటెతో తీసిన బురద చెరువు మొత్తానికి ప్రతినిధి కాదు. పైపు నోటి దగ్గర బరువైన ముతక రేణువులు పడతాయి, దూరంగా సన్నవి చేరతాయి. జింక్ సన్నవాటి వెంటే పోతుంది. కాబట్టి పైపు దగ్గర తీసిన శాంపిల్ చూసి జింక్ తక్కువనుకుంటే మోసపోతారు.

రోజూ వచ్చే బురదకైతే థిక్‌నర్ కింది పంపు డెలివరీ దగ్గర షిఫ్టుకి నాలుగైదు సార్లు పట్టి, ఒక డబ్బాలో కలిపి రోజు శాంపిల్ చెయ్యండి. కనీసం మూడు వారాలు. పాత చెరువుకైతే గళ్లు గీసి, ప్రతి గడిలో పై నుంచి అడుగు దాకా ఆగర్‌తో (మట్టిలోకి తిప్పి దించే బరమాతో) తియ్యాలి. తెచ్చినదాన్ని కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి, మిగతావి తీసేస్తూ తగ్గించుకోండి.

ల్యాబ్‌లో చేయించాల్సినవి: 105 డిగ్రీల దగ్గర తేమ, మొత్తం ఇనుము, ఫెర్రస్ ఇనుము, లోహ ఇనుము, కార్బన్, సున్నం, సిలికా, జింక్, సీసం, క్షారాలు, క్లోరిన్, భాస్వరం, గంధకం. మిల్లు బురదకి నూనె శాతం. వీటన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది తడి జల్లెడ. 75, 45, 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) వద్ద విడదీసి, ప్రతి భాగానికీ విడిగా ఇనుము, కార్బన్, జింక్ చూడండి. ఈ ఒక్క పట్టికతో హైడ్రోసైక్లోన్ (బురదని సుడి తిప్పి ముతక, సన్న రేణువుల్ని విడదీసే గొట్టం) పనికొస్తుందో లేదో, అయస్కాంతంతో లాభం ఉందో లేదో తేలిపోతుంది. ఇది చేయకుండా మిషన్లు కొన్నవాళ్లు తర్వాత బాధపడ్డారు.

థిక్‌నర్‌ని దారిలో పెట్టడం

బురద పల్చగా వస్తే తర్వాత ప్రతి మెట్టూ భారమే. మీ దగ్గరున్న థిక్‌నర్ నుంచి గట్టి బురద తీయడమే అన్నిటికంటే చవకైన మెరుగుదల. లీటరు జాడీలు ఐదారు వరసగా పెట్టి, అదే బురద నీళ్లు పోసి, ఫ్లాక్యులెంట్ (సన్న రేణువుల్ని గుచ్ఛాలుగా కట్టి అడుగుకి దింపే మందు) మోతాదు మార్చి మార్చి వేసి, ఎందులో పైనీరు త్వరగా తేరుకుంటుందో చూడండి. అర పీపీఎం నుంచి మొదలుపెట్టండి. ఎక్కువ వేస్తే మేలు అనుకోవద్దు. మోతాదు మించితే బురద జిగురుగా మారి ఫిల్టర్ గుడ్డకి అతుక్కుంటుంది.

కన్వర్టర్ నీళ్లలో సున్నం కలిసి పీహెచ్ 11, 12 దాకా పోతుంది. గాలిలోని, గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైపుల లోపల సున్నపు పొర రాయిలా పేరుకుంటుంది. స్లర్రీ (నీళ్లతో పారే పల్చటి బురద) లైన్లకి మెలికలు తక్కువగా, విప్పి కడగడానికి వీలుగా ఫ్లాంజులు ఎక్కువగా పెట్టుకోండి. పంపు ఆపిన వెంటనే మంచినీళ్లతో లైన్ కడగాలి.

బురద ఎంత గట్టిగా ఉందో తెలుసుకోవడానికి ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. సరిగ్గా లీటరు పట్టే డబ్బాలో నింపి తూచండి. ఘన శాతం = 100 × ఘన సాంద్రత × (స్లర్రీ సాంద్రత − 1) ÷ (స్లర్రీ సాంద్రత × (ఘన సాంద్రత − 1)). ఎండు పొడి సాంద్రత 4.5 అనుకుంటే, లీటరు 1.25 కిలోలు తూగితే ఘనం సుమారు 26 శాతం. 1.40 తూగితే 37 శాతం. ఈ పట్టిక రాసి పంపు హౌస్ గోడకి అంటించండి. ఆపరేటర్లు గంటకోసారి తూచి రిజిస్టర్‌లో రాస్తారు. నెల తిరిగేసరికి ఏ షిఫ్టులో ఎందుకు పల్చబడుతోందో కళ్లకి కడుతుంది.

కన్వర్టర్ బురద: ముందు ముతక ఇనుము

ఫైన్ బురద గురించి ఆలోచించే ముందు ముతకని తీసుకోవాలి. స్పైరల్ క్లాసిఫయర్ (మర తిప్పి ముతకని పైకి లాగే తొట్టి) ఉంటే 100 మైక్రాన్ల పైవి చాలావరకు అక్కడే ఆగుతాయి. వాటిలో చిమ్మిన ఇనుప బొట్లు ఎక్కువ. తక్కువ తీవ్రత ఉన్న తడి అయస్కాంత డ్రమ్ము మీదుగా పంపితే లోహ ఇనుము, మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఆక్సైడ్) అతుక్కుంటాయి, సున్నం రేణువుల్లో చాలా భాగం జారిపోతుంది. సన్న బురదని అయస్కాంతంతో శుద్ధి చెయ్యాలని చూడొద్దు. అంత సన్నని రేణువులు ఒకదానికొకటి గుచ్ఛంగా అంటుకుని సున్నాన్ని కూడా లోపల ఇరికించుకుని వస్తాయి. సన్నదాంట్లోని సున్నం సింటర్‌లో ఎలాగూ కావాల్సిందే కదా, తీసేయడం దేనికి?

సన్న బురదకి రెండు దారులు.

*మొదటి దారి, స్లర్రీగానే సింటర్‌కి.* సింటర్ మిశ్రమానికి డ్రమ్ములో ఎలాగూ నీళ్లు చల్లుతారు. ఆ నీళ్ల బదులు పల్చటి బురద చల్లితే ఫిల్టర్ అక్కర్లేదు, ఆరబెట్టక్కర్లేదు. లెక్క చూడండి. గంటకి 300 టన్నుల మిశ్రమానికి ఇంకా 3 శాతం నీరు కావాలంటే 9 టన్నుల నీరు. 25 శాతం ఘనమున్న స్లర్రీ ద్వారా ఆ నీరు ఇస్తే దాని వెంట 3 టన్నుల ఎండు బురద వెళ్తుంది. రోజుకి 20 గంటలు నడిస్తే 60 టన్నులు. సన్న రేణువులు నీటితో పాటు సమానంగా పరుచుకుని, ముతక ఖనిజం గింజల చుట్టూ పొరలా అతుక్కుంటాయి. నాకు ఎక్కువ నచ్చిన పద్ధతి ఇదే. ఇబ్బంది నాజిల్స్‌తోనే. సన్న నాజిల్ పెడితే రోజూ పూడుకుంటుంది. పెద్ద రంధ్రం, తక్కువ ప్రెషర్, ఎప్పుడూ తిరుగుతూ ఉండే రింగ్ లైన్, నిల్వ ట్యాంకులో ఆగని ఆజిటేటర్ ఉండాలి. ఖనిజం వానకి తడిసి వచ్చిన రోజుల్లో నీళ్లు అక్కర్లేదు కాబట్టి బురద కూడా పోదు. జూలై నుంచి అక్టోబర్ దాకా ఈ దారి సగం మూసుకుపోతుందని ముందే లెక్కలో వేసుకోండి.

*రెండో దారి, ఫిల్టర్ చేసి మైక్రో పెల్లెట్.* వాక్యూమ్ డ్రమ్ ఫిల్టర్ కేక్‌లో తేమ 25 నుంచి 35 శాతం ఉంటుంది, ఫిల్టర్ ప్రెస్‌లో ఇంకా తక్కువ. ఆ కేక్‌ని అలాగే హాపర్‌లో పోస్తే వంతెన కట్టి ఆగిపోతుంది. జారినా ముద్దలు ముద్దలుగా సింటర్ బెడ్ మీదకి వెళ్లి, లోపల పచ్చిగానే మిగిలిపోతుంది. కొలిమిలో ఆరబెడదామంటే, టన్ను కేక్‌ని 30 శాతం నుంచి 10 శాతానికి తేవాలంటే సుమారు 220 కిలోల నీరు ఆవిరి చెయ్యాలి. దానికి ఆవిరి వేడి ఒక్కటే దాదాపు 500 మెగాజౌళ్లు.

దానికంటే తెలివైన పని ప్లాంటులోనే దొరికే కాల్చిన సున్నపు పొడి కలపడం. సున్నం బట్టీల జల్లెడ కింద మిగిలే పొడి ఎలాగూ సింటర్‌కే పోతుంది. దాన్ని ముందు బురదలో కలపండి. కాల్చిన సున్నం 100 కిలోలు 32 కిలోల నీటిని తనలో పట్టేసుకుంటుంది, ఆ పట్టడంలో వచ్చే వేడికి ఇంకొంత ఆవిరవుతుంది. టన్ను కేక్‌కి 100 కిలోల సున్నపు పొడి, 500 కిలోల పొడి డస్ట్ క్యాచర్ దుమ్ము కలిపితే తేమ 15 శాతం దగ్గరికి వస్తుంది. జిగట ముద్ద కాస్తా పొడిపొడిగా విరిగిపోతుంది. సున్నం తాజాది కావాలి. గాలికి చల్లబడి సగం చచ్చిన సున్నంతో ఈ లెక్క కుదరదు. కలిపేటప్పుడు వేడి ఆవిరి, సున్నపు దుమ్ము లేస్తాయి. కళ్లద్దాలు, మాస్క్ లేకుండా మిక్సర్ మూత తెరవనివ్వకండి.

ఈ మిశ్రమాన్ని ఒక రోజు పక్కన ఉంచి, డిస్క్ లేదా డ్రమ్ములో తిప్పితే 2 నుంచి 8 మిల్లీమీటర్ల గుండ్రటి గింజలు వస్తాయి. పెల్లెట్ ప్లాంటుకి వెళ్లే గింజలంత గట్టిదనం అక్కర్లేదు, కన్వేయర్ బదిలీల దగ్గర పగలకపోతే చాలు. 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడిచి ఎన్నిసార్లకి చిట్లుతుందో చూడండి. మన పొరుగున బళ్లారి జిల్లా తోరణగల్లులోని జేఎస్‌డబ్ల్యూ ప్లాంటులో బురద, దుమ్ములతో మైక్రో పెల్లెట్లు చేసే యూనిట్ ఉంది. అక్కడ పనిచేసే తెలుగువాళ్లు చాలామందే. పరిచయం ఉంటే ఒక రోజు వెళ్లి చూసి రండి, పుస్తకాల్లో దొరకని సంగతులు తెలుస్తాయి.

బ్లాస్ట్ ఫర్నేస్ బురద: జింక్‌ని తప్పించడం

జింక్‌తో ఏమిటి గొడవ? అది 907 డిగ్రీలకే మరిగిపోతుంది. ఫర్నేస్ కింది వేడిలో ఆవిరై గ్యాస్‌తో పైకి లేస్తుంది, పైన చల్లటి చోట మళ్లీ ఆక్సైడ్‌గా గడ్డకడుతుంది. కొంత ఛార్జ్‌తో (పైనుంచి వేసే ఖనిజం, కోక్‌తో) కిందికి దిగి మళ్లీ ఆవిరవుతుంది. కొంత గోడలకి అట్టలు కట్టి ఛార్జ్ దిగకుండా అడ్డుకుంటుంది, ఇటుకల సందుల్లో దూరి వాటిని ఉబ్బిస్తుంది. అందుకే చాలా ప్లాంట్లు టన్ను ద్రవ ఇనుముకి 100 నుంచి 150 గ్రాముల జింక్ మించకూడదని గీత గీసుకుంటాయి.

మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది. ఆవిరి నుంచి గడ్డకట్టిన జింక్ ఆక్సైడ్ సన్న రేణువుల మీదే ఎక్కువగా చేరుతుంది. ముతక రేణువులు చాలావరకు కోక్, ఖనిజం. కాబట్టి సైజు ప్రకారం విడదీస్తే జింక్ కూడా విడిపోతుంది. హైడ్రోసైక్లోన్ చేసేది అదే. బురదని 5 నుంచి 10 శాతం ఘనం ఉండేలా పల్చన చేసి, 75 నుంచి 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న సైక్లోన్ల గుత్తిలోకి ఒకటి, రెండు బార్ల ప్రెషర్‌తో కొట్టండి. ముతకది కింద, సన్నది పైన వస్తుంది. కింది మూతి దగ్గర స్లర్రీ గొడుగులా విచ్చుకుంటూ పడాలి. తాడులా పడుతుంటే మూతి చిన్నదైనట్టు, ముతక పైకి పోతున్నట్టు. మొదట్లో నాకు ఇది నేర్పింది ఇంజనీర్లు కాదు, పాతికేళ్లుగా ఆ పంపుల దగ్గరే ఉన్న ఒక ఫిట్టర్.

ఇప్పుడు లెక్క. 100 టన్నుల ఎండు బురదలో 2 శాతం జింక్, అంటే 2 టన్నులు. కిందికి 75 టన్నులు 0.8 శాతంతో దిగితే అందులో 0.6 టన్నులు. మిగతా 1.4 టన్నుల జింక్ పైకి పోయిన 25 టన్నుల్లో, అంటే 5.6 శాతంగా చేరుతుంది. కింది 75 టన్నుల్లో కోక్ పొడి కూడా ఉంది కాబట్టి సింటర్‌లో ఆ మేరకు కోక్ బ్రీజ్ (ఇంధనంగా వేసే కోక్ పొడి) తగ్గించుకోవచ్చు. తగ్గించకపోతే బెడ్ మరీ వేడెక్కుతుంది.

ఇలా 30 శాతం జింక్ తిరిగి లోపలికి పోతోంది కదా, పేరుకోదా? పేరుకుంటుంది, కానీ ఒక చోట ఆగుతుంది. ఖనిజం, కోక్‌తో కొత్తగా 100 గ్రాములు వస్తూ, బయటికి పోయేదంతా బురదలోనే పోయి, అందులో 30 శాతం తిరిగొస్తుంటే మొత్తం భారం 100 ÷ 0.7, దాదాపు 143 గ్రాముల దగ్గర నిలుస్తుంది. సైక్లోన్ లేకుండా బురద మొత్తాన్ని తిరిగి వేస్తే ఈ సంఖ్యకి అంతు ఉండదు, నెలనెలా పెరుగుతూనే పోతుంది. "రెండు నెలలు వేశాం, ఏమీ కాలేదు" అని చెప్పేవాళ్లు మూడో నెల సంగతి ఆలోచించాలి.

మిల్లు బురద

నూనె 1 శాతం లోపుంటే సింటర్‌లో కొద్దికొద్దిగా కలపొచ్చు. అంతకు మించితే కాలని నూనె ఆవిరి చిమ్నీ ముందున్న ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్‌లో (కరెంటుతో దుమ్ము పట్టే యంత్రంలో) చేరి నిప్పంటుకుంటుంది. ముతక పొలుసుల్లో నూనె తక్కువ, సన్న బురదలో ఎక్కువ. ముందు జల్లెడ పట్టి ముతకని వేరుచేస్తే చాలావరకు పని అయిపోయినట్టే. సన్నదాన్ని 60 నుంచి 80 డిగ్రీల వేడినీళ్లలో డిటర్జెంట్‌తో కడిగి నూనె తేర్చాలి. పైకి తేలిన నూనె ప్రమాదకర వ్యర్థాల కింద వస్తుంది, గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. చిన్న రీరోలింగ్ మిల్లులవాళ్లు గేరుబాక్స్ లీకులు ఆపుకుంటే ఈ కడిగే పనే సగం తప్పుతుంది.

సింటర్ ప్లాంటు లేకపోతే బ్రికెట్లు

కన్వర్టర్ బురద, మిల్లు పొలుసులు కలిపి రోలర్ ప్రెస్‌లో బ్రికెట్లు కొట్టి కన్వర్టర్‌లోనే చల్లబరిచే పదార్థంగా వాడొచ్చు. బంధకంగా చక్కెర మిల్లుల మొలాసిస్ 4 నుంచి 6 శాతం, నీటితో చల్లార్చిన సున్నం 2 నుంచి 4 శాతం బాగా పనిచేస్తాయి. సిమెంట్ కూడా పట్టుకుంటుంది గానీ సిలికా తెస్తుంది, ఆ సిలికాకి కన్వర్టర్‌లో మళ్లీ సున్నం ఖర్చు. నా ఓటు మొలాసిస్‌కే.

ప్రెస్‌లోకి వెళ్లేటప్పుడు తేమ ఎక్కువైతే బ్రికెట్ రోలర్ గుంతలోనే అతుక్కుంటుంది. బయటికి వచ్చాక నీడలో, గాలి ఆడేలా పరిచి రెండు మూడు రోజులు గట్టిపడనివ్వాలి. రెండు మీటర్ల ఎత్తు నుంచి ఇనప పలక మీద నాలుగుసార్లు వదిలి, 10 మిల్లీమీటర్ల జల్లెడ మీద ఎంత మిగిలిందో తూచండి.

కన్వర్టర్‌కి పంపే ముందు ప్రతి లాట్ తేమ చూడాలి. మేము పెట్టుకున్న నియమం, 2 శాతం దాటితే లోడ్ వెనక్కి. బంకర్ మీద రేకు కప్పు ఉందా, పక్కనుంచి వాన కొడుతోందా అన్నది కూడా చూడండి. ఒకసారి ల్యాబ్ రిపోర్ట్ బాగుంది, రాత్రి వాన కొట్టింది, పొద్దున బంకర్ అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. మెల్టర్ (కన్వర్టర్ నడిపేవాడు) చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి తేమ పరీక్ష యార్డులో కాక బంకర్ దగ్గరే చేయిస్తున్నాం.

ట్రయల్ ఎలా నడపాలి

టన్ను సింటర్‌కి 5 కిలోల ఎండు బురదతో మొదలుపెట్టి, వారం ఆగి, 10, తర్వాత 20. చూడాల్సినవి: గ్రేట్ (బెడ్ కింది ఇనప కడ్డీలు) కింద సక్షన్ (గాలి లాగుడు), బర్న్ త్రూ పాయింట్ (మంట బెడ్ అడుగుకి చేరే చోటు) పక్కకి జరగడం, రిటర్న్ ఫైన్స్ (జల్లెడలో రాలి వెనక్కి వచ్చే సన్న సింటర్), టంబ్లర్ ఇండెక్స్ (డ్రమ్ములో తిప్పి చూసే గట్టిదనం అంకె), చిమ్నీ పొగ. సక్షన్ పెరుగుతుంటే సన్నపొడి గాలిని అడ్డుకుంటున్నట్టు. మోతాదు తగ్గించే ముందు సున్నం పొడి కొంచెం పెంచి చూడండి. చాలాసార్లు గింజకట్టడం మెరుగై సర్దుకుంటుంది. భాస్వరం కూడా తిరిగొచ్చే సరుకే కాబట్టి, ద్రవ ఇనుములో దాని అంకె పాత సగటు పక్కన రోజూ రాసుకోవాలి.

జింక్ లెక్క ట్రయల్‌కి ముందే కాగితం మీద వెయ్యండి. టన్ను ద్రవ ఇనుముకి 1.3 టన్నుల సింటర్ వాడుతూ, ఆ సింటర్‌లో టన్నుకి 20 కిలోల సైక్లోన్ కింది బురద 0.8 శాతం జింక్‌తో వేస్తే, 26 కిలోల్లో 208 గ్రాముల జింక్. గీత దాటిపోయింది. అదే రోజువారీ ఉత్పత్తి, టన్ను ద్రవ ఇనుముకి 5 కిలోల ఎండు బురద అనుకుంటే, సైక్లోన్ కింద దిగేది 3.75 కిలోలు, జింక్ 30 గ్రాములే. రోజు బురద రోజు తింటే ఫర్నేస్‌కి ఏ ఇబ్బందీ లేదు. ప్రమాదమంతా పాత చెరువుని తొందరగా ఖాళీ చెయ్యాలన్న ఆత్రంలోనే ఉంది.

పాత చెరువు, మిగిలిన జింక్ బురద

కాబట్టి పాత చెరువుకి ఏళ్ల ప్రణాళిక వెయ్యాలి. శాంపిల్ గళ్ల పటం మీద జింక్ తక్కువున్న గళ్లకి ఆకుపచ్చ, ఎక్కువున్నవాటికి ఎరుపు రంగు వేసి, ఆకుపచ్చ నుంచి తవ్వకం మొదలుపెట్టండి. ఎండాకాలంలో ఒక అడుగు లోతున కాలువలు తీసి నీరు వంచి, పైపొర మాత్రమే గీకి తియ్యండి. ఒకేసారి లోతుకి తవ్వితే ఎక్స్‌కవేటర్ దిగబడుతుంది.

సైక్లోన్ పైనుంచి వచ్చిన 5, 6 శాతం జింక్ బురదకి నేరుగా గిరాకీ ఉండదు. జింక్ తీసే వాల్జ్ కొలిములకి సాధారణంగా 15 శాతం పైన ఉన్న సరుకు కావాలి. ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ దుమ్ముతో కలిపి పంపే ఏర్పాటు చూడొచ్చు. జపాన్‌లో నిప్పన్ స్టీల్ కిమిత్సు ప్లాంటులో 2000 నుంచి రోటరీ హార్త్ ఫర్నేస్‌తో (గుండ్రంగా తిరిగే అడుగున్న కొలిమితో) ఇలాంటి దుమ్ము, బురదల్లోంచి జింక్‌ని ఆవిరిగా లాగేసి, మిగిలిన ఇనుముని బ్లాస్ట్ ఫర్నేస్‌కి పంపుతున్నారు. జర్మనీలో డూయిస్‌బర్గ్‌లోని డీకే సంస్థ యూరప్ ప్లాంట్ల బురదలు తెప్పించుకుని, వాటితోనే ఫౌండ్రీ ఇనుము తీస్తూ, జింక్‌ని విడిగా అమ్ముతూ వచ్చింది. మన దగ్గర అలాంటి ఉమ్మడి యూనిట్ ఒకటి తూర్పు తీరంలో వస్తే నాలుగైదు ప్లాంట్ల జింక్ బురదకి దారి దొరుకుతుంది. అది వచ్చేదాకా ఆ పాతిక శాతాన్ని అడుగున లైనింగ్ వేసిన, పైన కప్పు ఉన్న ప్రత్యేక గుంతలో, తేదీ, జింక్ శాతం రాసిన బోర్డుతో దాచండి. లీచింగ్ పరీక్ష చేయించి సీసం, జింక్ నీటిలోకి దిగుతున్నాయో లేదో ఆరు నెలలకోసారి చూడండి.

గేటు దాటించే ముందు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చదవండి. ఆ వర్గంలోకి వచ్చే వ్యర్థాన్ని ఇంకొకరు ముడిసరుకుగా వాడుకోవాలంటే 9వ నిబంధన కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. కొనేవాడి దగ్గర ఆ కాగితం, రవాణాకి మానిఫెస్ట్ రెండూ చూశాకే లారీకి లోడ్ స్లిప్ ఇవ్వండి, ప్రతి లారీ బరువు, తేమ, జింక్ మీ రిజిస్టర్‌లో రాసిపెట్టుకోండి.